వీపున తుపాకీ, చెట్టు కింద శాలువా

రాఘవులుకు కోపం రావడానికి కారణం అక్కర్లేదని అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలోని తెలుగువాళ్లు చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆ నవంబరులో ఆయన దగ్గర కారణాలు బస్తాడున్నాయి. బస్తా మూతి విప్పితే ముందుగా బయటపడేది ఆయన కుడి భుజం.

ఇరవై ఆరేళ్లపాటు ఆ భుజం ఏటా తుపాకీ మోసింది, కిక్కురుమనకుండా. మార్చి నెలలో గరాజ్ పైఅరలోంచి ఆవకాయ జాడీ దింపబోతుంటే లోపల ఏదో పుటుక్కుమంది. జింకను మంచులో ఈడ్చుకొచ్చినప్పుడు తెగని కండరం జాడీకి తెగిందంటే ఎవరితో చెప్పుకోవాలి? ఎలుగుబంటితో పెనుగులాడానని చెప్పుకున్నాడు రాఘవులు. కోసి కుట్టిన డాక్టరు మాత్రం నవ్వకుండా చెప్పాడు: ఒకటో రెండో తూటాలు పేల్చుకుంటే పేల్చుకో, తుపాకీ పట్టీ ఈ భుజానికి తగిలించి మైళ్లకొద్దీ నడవకు. ఎడమ భుజానికి తగిలిద్దామా అంటే అది పుట్టుకతోనే సోమరిపోతు. పల్లంగా ఉంటుంది. పది అడుగులు వేస్తే పట్టీ జారి మోచేతిలో వేలాడుతుంది.

"ఏవండీ, అరవై రెండొచ్చాయి. అమ్మేద్దామండీ ఆ తుపాకీని," అంది భార్య జ్ఞానప్రసూన. "హాయిగా గోల్ఫ్ ఆడుకోండి."

"గోల్ఫా? కర్రతో గడ్డిని కొట్టడానికా నేను అమెరికా వచ్చింది!"

"సరే, ఈ ఒక్క ఏడూ వెళ్లండి. కానీ వెళ్లినవాళ్లు వెళ్లినట్టు రావాలి. మీకు గాని, ఇంకొకరికి గాని గోరంత జరిగిందంటే సోమవారం పొద్దున్నే ఆ తుపాకీ ఇంట్లోంచి వెళ్లిపోవాలి. ఒట్టెయ్యండి."

రాఘవులు ఆమె చేతిలో చెయ్యి వేశాడు. వేసినందుకు వారం రోజులు తన మీద తనే మండిపడ్డాడు.

ఇక్కడ ఆయన ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. డెట్రాయిట్ దగ్గర సీట్‌బెల్టులు చేసే ఒక కంపెనీలో ఇరవై ఏడేళ్లుగా బకిళ్లు పరీక్షించడమే ఆయన పని. కారు మూడు పల్టీలు కొట్టినా బకిల్ ఊడకూడదు, పదేళ్ల పిల్ల వేలితో నొక్కితే ఊడాలి. ఆ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులోనే ఆయన జీవితం గడిచింది. కొత్తలో, ఎవరూ తెలియని రోజుల్లో, అదే ల్యాబ్‌లో పనిచేసే స్టాన్ అనే ముసలాయన నవంబరులో ఆయన్ని అడవికి తీసుకెళ్లాడు. చెట్టు మొదట్లో కూర్చోవడం, గాలివాలు చూడటం, ఆరు గంటలు నోరు మూసుకోవడం నేర్పాడు. మొదటి రెండూ రాఘవులుకు బాగా వచ్చాయి. మూడోది అడవిలో మాత్రమే వచ్చింది. అడవి దాటి బయటికొస్తే ఆ ఆరు గంటల బాకీ అంతా ఇంటికో వంటకం తెచ్చే పాట్‌లక్‌లో తీర్చేసేవాడు. మంచులో నిద్రపోతే జింక వచ్చి దుప్పటి కప్పిందనేవాడు. ఆరు మైళ్ల అవతల జింక తుమ్మితే విని "చిరంజీవ" అన్నాననేవాడు. పిల్లలు ప్లేట్లు పట్టుకుని చుట్టూ చేరేవాళ్లు. పెద్దవాళ్లు కూడా కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్లు.

మిషిగన్ ప్రభుత్వం జింకల తుపాకీ వేటను నవంబరు పదిహేనున మొదలుపెడుతుంది. పంచాంగం చూస్తే ఆ తేదీ దాదాపు ఏటా కార్తీక మాసంలోనే పడుతుంది. ఉల్లిపాయ కూడా గుమ్మం తొక్కని నెలలో వీపు మీద తుపాకీ వేసుకుని బయల్దేరే మొగుడితో జ్ఞానప్రసూన ఏళ్లుగా ఒక ఒడంబడిక మీద కాపురం చేస్తోంది. తుపాకీ గరాజ్ దాటి లోపలికి రాకూడదు. మాంసం గరాజ్ ఫ్రీజర్‌లోనే ఉండాలి, పోలి పాడ్యమి వెళ్లేదాకా దాని మూత తెరవకూడదు. ఆయన తలస్నానం చేశాకే దీపం వైపు చూడాలి.

భుజం కాదంది కాబట్టి రాఘవులు వీపును అడిగాడు. పాత వేట బ్యాగ్ అడుగున తుపాకీ చెక్కభాగం కూర్చునేలా తోలు సంచి కుట్టాడు. గొట్టం ఆకాశం వైపు ఉండేలా, పైన సీట్‌బెల్టు గుడ్డతో ఒక పట్టీ, దానికో బకిల్. ల్యాబ్‌లో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత రకం అది. ఏనుగు లాగినా ఊడదు. ఊడదీయాలన్నా ఏనుగే కావాలి. బ్యాగ్ దింపాలి, మోకాలితో అదిమిపెట్టాలి, రెండు బొటనవేళ్లతో నొక్కాలి. తర్వాత తుపాకీ లాగి జేబులోంచి తూటా తీసి ఎక్కించాలి. మోసేటప్పుడు తూటా లోపల ఉండకూడదని స్టాన్ పెట్టిన నియమాన్ని ఆయన ఎన్నడూ తప్పలేదు.

కూతురు అనిక ఆ వారాంతం ఇంటికొచ్చి, గరాజ్‌లో ఫోన్ పట్టుకుని టైమ్ చూసింది.

"ఫార్టీ వన్ సెకండ్స్, నాన్నా."

"మళ్లీ చూడు."

"థర్డ్ టైమ్ నాన్నా ఇది. ఈ లోపల ఆ డీర్ కెనడా వెళ్లి, సిటిజన్‌షిప్ తీసుకుని, మళ్లీ విజిట్‌కి వస్తుంది."

జ్ఞానప్రసూన లోపల్నుంచి నవ్వింది. రాఘవులుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒంటిచేత్తో తాకితే చాలు రెండు సెకన్లలో ఊడిపోయే అయస్కాంతం బకిల్ ఒకటి ఆన్‌లైన్‌లో కనిపిస్తే అప్పటికప్పుడు ఆర్డర్ పెట్టాడు. పన్నెండో తేదీకి వస్తుందన్నారు. పన్నెండున రాలేదు. పదమూడున ఒహాయోలో మంచు అన్నారు. పద్నాలుగున ఫోన్ చేస్తే సోమవారం వస్తుందన్నారు. "ఆ సోమవారాన్ని మీ ఆవిడ తల్లో పెట్టుకోండి!" అని తెలుగులో అరిచి ఫోన్ పెట్టేశాడు.

ఆ బకిల్ కోసం మండిపడుతూ ఎదురుచూస్తున్న రోజుల్లోనే తెలుగు సంఘం వాట్సాప్ గ్రూప్‌లో ఒక రంగుల పోస్టరు వచ్చింది. కార్తీక వనభోజనాలు, శనివారం, నవంబరు పదిహేను. చోటు చూసి రాఘవులు కళ్లజోడు తుడుచుకున్నాడు. నోవైకి గంటన్నర దూరంలో తను పాతికేళ్లుగా వేటాడే అడవి అంచునే ఉన్న పార్కులో పిక్నిక్‌ల కోసం కట్టిన షెల్టర్ అది. మధ్యలో ఒక వాగు, అంతే.

సంఘం అధ్యక్షుడు రామమోహన్‌కు ఫోన్ కొట్టాడు. వరంగల్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్న మనిషి. నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే రాఘవులుకు పుండు మీద కారం.

"ఏందయ్యా రామమోహన్, మతుండే పెట్టావా ఆ తేదీ? వేట మొదలయ్యే రోజు! అడవి నిండా తుపాకులుంటాయి."

"పార్క్ వాళ్లే బుకింగ్ ఇచ్చింరు గదన్నా. డేంజర్ అయితే ఎందుకిస్తరు? శనివారం షెల్టర్ దొరకుడే కష్టం."

"ఏకాదశి కూడాను. ఏకాదశి పూట భోజనాలేంటని మా ఆవిడ అడుగుతోంది."

"వదినకి ఫ్రూట్స్ పెడ్తం."

"జోకులొద్దు. కనీసం అందర్నీ నారింజ రంగు కోట్లు వేసుకోమని చెప్పు, మనుషులని దూరానికి తెలుస్తుంది."

"ట్రెడిషనల్ డ్రెస్ కోడ్ అన్నా. పంచెలు, చీరలు. ఫోటోలుంటయి. మీరే ఆ ఒక్కరోజు తుపాకి ఇంట్ల పెట్టి రాండ్రి. మీ కథలు చెప్పుకుంట కూసుందం."

గ్రూప్‌లో రాఘవులు నాలుగు పేరాల సందేశం పెట్టాడు. దాని కింద రెండు వందల మంది సభ్యులున్న సంఘం నుంచి పదిహేడు నవ్వు బొమ్మలు, ఒక దండం బొమ్మ వచ్చాయి. తుపాకీ ఇంట్లో పెట్టమంటాడా! తన చోటు తన చోటే. అవతల షెల్టర్ మైలున్నర దూరం. చీరల్లో, పంచెల్లో వాగు దాటి వచ్చే మొనగాడు ఈ సంఘంలో పుట్టలేదు. అలా అనుకుని, ఇంకో అడవికి వెళ్లే వీలున్నా, పంతానికి అక్కడికే బయల్దేరాడు.

శనివారం తెల్లవారేసరికి తన దుంగ మీద కూర్చున్నాడు. నెత్తిన నారింజ టోపీ, ఒంటి మీద నారింజ చొక్కా, ఒళ్లో తుపాకీ. పొద్దెక్కింది. ఒక ఉడుత తప్ప ఎవరూ పలకరించలేదు. పదకొండు దాటాక వాగు అవతలనుంచి గాలిలో తేలివచ్చింది: "హలో, హలో, మైక్ టెస్టింగ్. ఎవరిదో తెల్ల వ్యాన్ అడ్డంగా ఉంది, కొంచెం తీయగలరు." ఆ వెనకే శివస్తోత్రం, డోలు మోతతో సహా. మైలున్నర మేర జింకలన్నీ చెవులు రిక్కించి ఉత్తరానికి నడిచి ఉంటాయి.

రాఘవులు పళ్లు పటపట కొరికాడు. తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. తుపాకీని బ్యాగ్‌కు బిగించి వీపున వేసుకున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే ఆశ, పల్లంలోని అడవి ఆపిల్ చెట్టు. కూలిపోయిన కంచె పక్కన, వాగుకు ఇవతలి గట్టున ఉంటుంది. గోలీకాయంత పుల్లటి పసుపుపచ్చ కాయలు చాలావరకు మంచు పడేదాకా కొమ్మను వదలవు. ఎక్కడా మేత దొరకని రోజున జింకలు అక్కడికే వస్తాయి.

గట్టు మీంచి కిందికి చూశాడు. అరవై గజాల దూరంలో, ఆకులు రాలిన పొదల వెనక, చెట్టు కింద గోధుమరంగు వీపు.

రాఘవులు ఉన్నచోటే ఆగాడు. వీపు వంగి ఉంది. రాలిన కాయలు తింటోంది. వెనక తెల్లగా ఏదో ఆడింది. తోకే. తల కొంచెం లేచింది. తల పైన కొమ్ములు! ఒకటి, రెండు, మూడు... ఎనిమిది మొనలు. పాతికేళ్లలో ఎనిమిది మొనల మగజింక ఆయనకు తన కథల్లో తప్ప తగల్లేదు.

చప్పుడు కాకుండా బ్యాగ్ దింపాడు. కుడి భుజం కలుక్కుమంది. మోకాలితో అదిమి బొటనవేళ్లతో నొక్కాడు. చలికి బిగుసుకుపోయిన బకిల్ కదల్లేదు. ఒహాయోను తిట్టాడు. మంచును తిట్టాడు. ఆ బకిల్‌ను పరీక్షించి పాస్ చేసినవాణ్ణి తిట్టబోయి, అది తనే అని గుర్తొచ్చి ఇంకా గట్టిగా తిట్టాడు. జింక అక్కడే ఉంది. ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కాడు. టక్కుమంది. తుపాకీ లాగాడు. జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లకు తూటా చల్లగా తగిలింది.

జింక వెనక్కాళ్ల మీద నిటారుగా లేచి నిలబడి, ఫోన్‌లో మాట్లాడింది.

"హలో, ఆఁ, దొరికింది. ఉసిరి చెట్టు దొరికింది. పంతులుగారికి చెప్పు, కొమ్మ పట్టుకుని వస్తున్న. కాయలతోని ఉంది."

రామమోహన్! ఒంటి మీద గోధుమరంగు శాలువా, దానికి జానెడు తెల్ల అంచు. కింద పంచె, పంచె కింద మంచు బూట్లు. చేతిలో ఆకులు రాలి కాయలు మిగిలిన ఎనిమిది రెమ్మల కొమ్మ.

రాఘవులు జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. తూటా ఇంకా జేబులోనే ఉంది. గుర్తుపట్టకుండా ఎన్నడూ కాల్చను అని ఇరవై ఆరేళ్లుగా ఊరందరికీ చెబుతూ వచ్చాడు. ఈ కాసేపట్లో అది జింక కాదేమోనన్న అనుమానం ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. కొమ్ములు లెక్కపెట్టాడు మరి. ఎనిమిదీ చూశాడు.

తుపాకీని మళ్లీ బ్యాగ్‌కు కట్టడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టడానికి అనిక అక్కడ లేదు. తర్వాత గట్టు దిగుతూ అరిచిన అరుపుకు వాగు అవతలి స్తోత్రం కూడా తడబడింది.

"ఒరేయ్!"

రామమోహన్ తిరిగి చూసి, చేతిలో కొమ్మ ఊపాడు. "అన్నా! మంచిగ కలిసింరు. ఇదే గదన్నా మీ ఉసిరి చెట్టు?"

"నోర్ముయ్! బుద్ధుందా నీకు? గడ్డి తింటున్నావా, ఆకులు తింటున్నావా? ఈ రోజున, ఈ అడవిలో, ఈ రంగు కప్పుకుని వంగుతావా?"

"శాలువానా? భాస్కర్ ఇచ్చిండన్నా, రియల్టర్ భాస్కర్. అందరికి ఇచ్చిండు, స్పాన్సర్. చలిగుంది గదా." ఆయన ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "ఏమైందన్నా?"

"వాగు ఎట్లా దాటావు? ఎవడు చెప్పాడు నీకు ఈ చెట్టు సంగతి?"

"మీరే!"

"నేనా?"

"పోయిన దీపావళికి ఊరగాయ పంచుకుంట చెప్పలేదా? మిషిగన్ మొత్తంల ఒకటే ఉసిరి చెట్టుంది, నాకొక్కడికే తెలుసు, కూలిన కంచె పక్కన, వాగు దాటంగనే అని. ఉసిరి కొమ్మ లేకుంటె వనభోజనం ఏందని పంతులుగారు పొద్దున్నుంచి ఒకటే గొడవ. సరే, అన్న చెప్పింది గుర్తుందని నేనే వచ్చిన."

రాఘవులు చెట్టు వైపు, కూలిన కంచె వైపు చూశాడు. అడవి ఆపిల్ కాయల్ని మెంతిపిండిలో నానబెట్టి ఉసిరి ఊరగాయని ఆరేళ్లుగా ఊరంతా తినిపించింది తనే. నమ్మకం కుదరడానికి గుర్తులు కూడా చెప్పాడు. ఎవరూ నడిచి వెళ్లి చూడరులే అన్న ధైర్యంతో చెప్పాడు.

తన నారింజ చొక్కా విప్పి రామమోహన్ మెడలో దూర్చి, బొత్తాలు తనే పెట్టాడు. శాలువా లాగి ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. "నా ముందు నడు. గట్టిగా మాట్లాడుతూ నడు. ఏదో ఒకటి మాట్లాడు. నీ కంపెనీ గురించి చెప్పు, ఫరవాలేదు, వింటాను."

షెల్టర్ దగ్గరికి రాగానే, వనభోజనాలకు వచ్చిన జ్ఞానప్రసూన కారు ట్రంక్ తెరిపించి, పులిహోర గిన్నెల పక్కన ఖాళీ తుపాకీని పడుకోబెట్టి తాళం వేశాడు. కార్తీకమని ఆమె అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. అప్పుడు చూశాడు రాఘవులు. షెల్టర్ నిండా, గడ్డి నిండా, అడవి అంచు దాకా నూటయాభై గోధుమరంగు వీపులు, తెల్ల అంచులు. పిల్లలు శాలువాలు కప్పుకుని పొదల్లో దాగుడుమూతలు ఆడుతున్నారు. ఒక మంద.

నడిచి వెళ్లి మైక్ లాక్కున్నాడు.

"తీయండి! అందరూ శాలువాలు తీసి అవతల పారేయండి! పిల్లల్ని లోపలికి పిలవండి, ఇప్పుడే!"

"అంకుల్, దాని మీద నా లోగో ఉంది, ఫోటో ఇంకా కాలేదు," అన్నాడు భాస్కర్.

"నీ లోగో తగలెయ్య! వినండి. అది ఉసిరి చెట్టు కాదు. అడవి ఆపిల్. ఆరేళ్లు మీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను. అరగంట కింద ఈ రామమోహన్‌ని చూసి జింక అనుకున్నాను. నెత్తిన ఎనిమిది కొమ్ములు లెక్కపెట్టాను. తుపాకీ తీశాను."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత షెల్టర్ షెల్టరంతా ఘొల్లుమంది.

"ఎనిమిదేనా అంకుల్? పోయినసారి పన్నెండు కదా!"

"రామమోహన్ గారూ, ఆ దుప్పటి కప్పిన జింక మీరేనా?"

చప్పట్లు కూడా కొట్టారు. రాఘవులు ముఖం కందగడ్డయింది. "నవ్వొద్దు!" అని అరిచాడు. ఇంకా నవ్వారు. "కొంచెంలో చంపేసేవాణ్ణి!" అన్నాడు. ఒక పిల్లాడు నవ్వలేక కిందపడ్డాడు. ఇరవై ఆరేళ్లు కష్టపడి తనే మరిగించిన జనం వీళ్లు. ఎవరి మీద కోప్పడాలో తెలియక మైక్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నవ్వనివాళ్లు ఇద్దరే. రామమోహన్ చేతిలోని కొమ్మను మెల్లగా బల్ల మీద పెట్టి, ఒంటి మీది నారింజ చొక్కాను తడిమి చూసుకుంటున్నాడు. జ్ఞానప్రసూన లేచి తన శాలువా మడిచింది. పక్క బల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది.

"ఇలా ఇచ్చెయ్యమ్మా శాలువా."

"ఆంటీ, అంకుల్ జోక్..."

"జోకైతే అందరికన్నా ముందు ఆయనే నవ్వుతారు. ఇచ్చెయ్యి."

ఆమె బల్ల బల్లకూ వెళ్లింది. వెనకాలే రామమోహన్ పొదల్లోకి వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అధ్యక్షుడి ముఖం చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. శాలువాలు గుట్టయ్యాయి.

తిరిగి వచ్చేటప్పుడు, ఆయన కారు మర్నాడు తెచ్చుకోవచ్చని అక్కడే వదిలేసి, తన కారులో ఆయన్ని ఎక్కించుకుని ఆమే నడిపింది.

"నాకు ఒక్కదానికే చెప్పి ఊరుకోవచ్చుగా," అంది యాభై మైళ్లు దాటాక. "మైక్‌లో చెప్తే నేను ఒట్టు గుర్తుచేస్తానని తెలియదా?"

"తెలుసు."

"తెలిసే చెప్పారా?"

"లేకపోతే ఆ శాలువాలు ఎట్లా తీయించాలి!" అని కసిరాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "పాత బకిల్ కాబట్టి సరిపోయింది, ప్రసూనా. కొత్తది వచ్చి ఉంటే..."

ఆమె వైపర్లు వేసింది. మంచేమీ పడటం లేదు.

సోమవారం పొద్దున్నే రాఘవులు తుపాకీని సంచిలో పెట్టి, కోటు వేసుకుని, దాన్ని అమ్మేయడానికి తుపాకుల కొట్టుకు వెళ్దామని గరాజ్ తలుపు ఎత్తాడు. గుమ్మంలో ఒహాయో నుంచి వచ్చిన అట్టపెట్టె ఉంది. దాన్ని చూడగానే ఆయనకు మళ్లీ ఒళ్లు మండింది. తుపాకీ పక్కన పెట్టి, పెట్టె విప్పకుండానే, దాని మీద అంటించి ఉన్న వెనక్కి పంపే కాగితం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ఎందుకు తిప్పి పంపుతున్నారో రాయండి అని అందులో ఒక గడి ఉంది. పెన్ను కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి, పెద్ద అక్షరాల్లో రాశాడు: మరీ త్వరగా ఊడుతుంది.

వెనక నిలబడిన జ్ఞానప్రసూన అది చదివింది. పెట్టె తన చేతిలోకి తీసుకుంది.

"ఇది నేను పంపించేసి వస్తాను," అంది. "మీరు ఆ కోటు విప్పండి. ఆ తుపాకీ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, సంచి ఎక్కడిదక్కడ పెట్టేసి తలస్నానం చెయ్యండి. దీపం పెట్టాలి."